పండు పెట్టిన చెయ్యి

"ఎన్ని తింది?"

వర్నా గొంతు పెంచలేదు. సంచి భుజాన ఉండగానే వంటగది గుమ్మంలో ఆగిపోయి, బల్ల మీది పళ్ళెం వైపు చూస్తూ అడిగింది. పళ్ళెంలో సగం కొరికిన వేపుడు రొట్టె ఉంది. దాని అంచున ఊదారంగు మరక.

"రెండు తింది. మూడోది సగంలో వదిలేసింది," అంది డెల్ఫిన్ మురిసిపోతూ. "నాలుగేళ్ళయినా నా చేతి రొట్టె మర్చిపోలేదక్కా అది. నువ్వూ కూర్చో, వేడిగా ఉన్నాయి."

"దాని మీద ఏం రాశావు?"

"జామ్. నీ బ్లూబెర్రీ జామే. పై అరలో పిండి డబ్బాల వెనక దాచావుగా, కుర్చీ వేసుకుని మరీ తీశాను. చుట్టాలొస్తే తప్ప తీయవా ఏంటి? నేను చుట్టాన్ని కాదా?"

వర్నా నవ్వలేదు. భుజాన ఉన్న సంచి జారి కింద పడింది. అందులోంచి రిబ్బను చుట్టలు దొర్లుకుంటూ పొయ్యి కిందికి పోయాయి. ఇద్దరిలో ఎవరూ వంగలేదు.

"ఆ పిల్ల ఏడాదిగా బెర్రీ పండు ముట్టలేదే," అంది వర్నా. "ఏ బెర్రీ అయినా సరే. రేపటితో ఏడాది."

"ముట్టకపోవడమేంటి?"

"రేపు విందు దేనికనుకున్నావు?"

నిన్న సాయంత్రం వ్యాను దిగినప్పటి నుంచీ డెల్ఫిన్ అనుకుంటున్నది ఒకటే. రేవు దగ్గర మగవాళ్ళు మూస్ దుప్పి తొడలు దించుతుంటే చూసింది. హాలు ముందు ఆడవాళ్ళు బల్లలు కడుగుతుంటే చూసింది. దారిలో కనబడ్డవాళ్ళంతా "విందుకి సరిగ్గా వేళకొచ్చావే" అన్నారు. ఆమె సిగ్గుగా తల వంచుకుని, "నాకోసం ఇంత హడావుడి ఎందుకు?" అంది. ఒకరితో అంటే సరిపోయేది, నలుగురైదుగురితో అంది. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వి ఊరుకున్నారు.

ఆ నవ్వులన్నీ ఇప్పుడు అర్థమై డెల్ఫిన్ చెవులు కాలిపోయాయి. జైలు నుంచి వచ్చిన మనిషి కోసం ఊరు ఊరంతా వంట చేస్తోందని ఎలా అనుకుంది? ఏ మొహం పెట్టుకుని అనుకుంది?

"పోయిన జూన్లో పెద్దమనిషైంది నీ కూతురు," అంది వర్నా. "ఆగథా అమ్మమ్మ దాన్ని కూర్చోబెట్టి అడిగింది, ఏడాది పండు మానతావా అని. మన అమ్మ చెయ్యలేదు, మనం చెయ్యలేదు. పిల్లల్ని ఆ పాదిరీల బడికి ఈడ్చుకుపోయినప్పటి నుంచీ ఈ ఊళ్ళో ఎవరూ చెయ్యలేదు. ఇదే మొదలు. మానతానంది. మానింది కూడా. స్నేహితురాలి పుట్టినరోజు కేకులో పళ్ళున్నాయని వాసన చూసి ఇచ్చేసింది. రేపు ఊరందరి ముందు గుండెపండుతో నియమం విడవాలి."

స్ట్రాబెర్రీని వాళ్ళ తెగలో గుండెపండంటారు. ఏడాది నియమం పూర్తి చేసిన పిల్లకి తల్లి ఆ పండు అందిస్తుంది. పిల్ల మూడుసార్లు వద్దంటుంది, నాలుగోసారి నోరు తెరుస్తుంది. డెల్ఫిన్‌కి ఇదంతా తెలియనిది కాదు. తనని ఉంచిన కంచె లేని జైల్లో, కోలుకునే ఇల్లని పేరు పెట్టిన ఆ చోట, ఒక ముసలమ్మ వచ్చి అందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని చెప్పింది. డెల్ఫిన్ చాలా శ్రద్ధగా విని, ఎంత మంచి ఆచారం అనుకుంది. తన కూతురికి ఇంకా తొమ్మిదేళ్ళే అన్నట్టు విని ఊరుకుంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పను? ఫోన్లోనా? ఆడపిల్ల సంగతి. అవతల కాపలావాళ్ళు వింటుంటారు. సిగ్గు కాదూ?"

"ప్రతి ఆదివారం నీ మోకాళ్ళ నొప్పులు విన్నారు వాళ్ళు. మీ ఆయన కడుపులో బాధలు విన్నారు, పూసగుచ్చినట్టు. వాటికి లేని సిగ్గు దీనికొచ్చిందా?"

వర్నా వంగి రిబ్బన్లు ఏరడం మొదలుపెట్టింది. ఒక చుట్ట లోపలికి పోతే మోకాళ్ళ మీద కూర్చుని పొయ్యి కిందికి చెయ్యి చాపింది. మొహం అటే పెట్టుకుని అంది.

"చెబితే నువ్వే పెట్టేదానివి."

"ఏంటి?"

"పండు. తల్లివి కదా, నువ్వే పెట్టేదానివి." చుట్ట అందింది. అయినా వర్నా లేవలేదు. "దానికి జ్వరాలొస్తే ఎవరు కూర్చున్నారు? బళ్ళో పిల్లలు 'మీ అమ్మ జైల్లో ఉందిగా' అంటే పోయి ఎవరు కొట్లాడారు? మొదటి మరక చూసుకుని బాత్రూములో గడియ పెట్టుకుని ఏడుస్తుంటే, తలుపు బయట నేల మీద ఎవరు కూర్చున్నారు? ఒక్క పండు డెల్ఫిన్. ఒక్కటి నా చేత్తో పెట్టుకోవాలనుకున్నాను. నిన్ను వచ్చే నెల వదులుతారన్నారు. అప్పటికి విందైపోతుంది, నెమ్మదిగా చెప్పుకోవచ్చు అనుకున్నాను. ముందే పంపించేస్తారని నాకేం తెలుసు?"

డెల్ఫిన్‌కి కోపం వచ్చింది. అరవాలనుకుంది. కానీ అక్క అడిగిన ప్రశ్నల్లో ఒక్కదానికీ 'నేను' అని చెప్పుకోవడానికి లేదు. కోపం అక్కడే చల్లారిపోయింది.

వర్నా లేచింది. పళ్ళెం తీసుకెళ్ళి పంపు కింద పెట్టి, రొట్టె ముక్క చెత్తలో వేసి, గట్టిగా తోమడం మొదలుపెట్టింది.

"ఎవరికీ తెలియక్కర్లేదు," అంది.

"అక్కా!"

"విను. సోమవారం ఆడపెద్దల సభ కూర్చుంటుంది. పిల్ల నీ దగ్గర ఉండొచ్చని వాళ్ళు మాటిస్తేనే పిల్లల సంక్షేమ ఆఫీసువాళ్ళు దాన్ని నీకిస్తారు. లేదంటే ఇంకో ఏడాదో రెండేళ్ళో, ఎవరికి తెలుసు? వచ్చిన మర్నాడే పిల్ల నియమం చెడగొట్టిందని తెలిస్తే మాటిస్తారా నీకు? నువ్వే అక్కడ కూర్చుంటే ఇస్తావా?"

"తెలియక చేశాను."

"ఇదివరకు చేసింది కూడా తెలియక చేశాననే చెప్పావు."

ఆ మాట అనేసి వర్నా కూడా ఉలిక్కిపడింది. పంపు కట్టేసింది. "రేపు నువ్వే పెట్టు పండు," అంది, ఈసారి మెల్లగా. "నేను పక్కన నిలబడతాను. సరేనా? నువ్వే పెట్టు."

అంత పెద్ద లంచం డెల్ఫిన్‌కి జన్మలో ఎవరూ చూపలేదు. ఒక్క క్షణం, ఆ ఒక్క క్షణం మాత్రం, ఆమె ఒప్పుకున్నట్టే. తన వేళ్ళ మధ్య ఎర్రటి పండు, కూతురు తెరిచిన నోరు, చుట్టూ ఊరు, అంతా కళ్ళ ముందు ఆడింది.

"మరి పిల్ల? వాసేయా ఊరుకుంటుందా?" అంది.

"అది నోరు విప్పదు. నీ విషయంలో అది ఎప్పుడైనా నోరు విప్పిందా?" రిబ్బన్లు సంచిలో కుక్కుకుంటూ అంది వర్నా. "నేను హాలుకి పోతున్నా. చేపలు నాకోసం చూస్తున్నాయి. నువ్వు ఇల్లు కదలకు."

తలుపు మూసుకుంది. డెల్ఫిన్ అలాగే నిలబడింది. నోరు విప్పకపోవడమా? ఒకసారి విప్పింది. అప్పట్లో డెల్ఫిన్‌తో ఉన్నవాడు మాదకపు మాత్రల పొట్లాలు తెచ్చి ఇంట్లో పెట్టమంటే, ఎవరూ వెతకరని ఆమె పిల్ల పరుపు కుట్లు విప్పి అందులో దాచింది. పోలీసులు పరుపు చింపి పొట్లాలు నేల మీద పోశారు. ఎవరివి ఇవి అని అడిగితే, తొమ్మిదేళ్ళ వాసేయా తల్లి మొహంలోకి చూసి, "నావి," అంది. ఒక పోలీసు నవ్వాడు. ఇంకొకడు నవ్వలేకపోయాడు. తల్లి మాత్రం వెంటనే కాదనలేదు. ఊపిరి రెండుసార్లు తీసి వదిలినంతసేపు ఆగి, అప్పుడు కాదంది. జడ్జి వేసిన శిక్ష ఆ పొట్లాలకి. ఆగినందుకు ఎవరూ ఏ శిక్షా వెయ్యలేదు.

*

పిల్ల సరస్సు ఒడ్డున బోర్లించిన పడవ మీద కూర్చుని, రేపటి పావడాకి ఆఖరి రిబ్బను కుడుతోంది. దోమలు ముసురుతున్నాయి. తల్లి వచ్చి పక్కన కూర్చుంటే కొంచెం జరిగింది, చోటివ్వడానికి.

"వాసేయా, ఆ రొట్టె ఎందుకు తిన్నావే?"

సూది ఆగింది. "పెద్దమ్మ చూసిందా?"

"చూసింది."

"పళ్ళెం నేనే కడగాల్సింది," అంది పిల్ల, తప్పంతా అందులోనే ఉన్నట్టు.

"వద్దని చెప్పచ్చు కదా? నేను మానానమ్మా అంటే సరిపోయేది కదా?"

"నీకు తెలుసనుకున్నాను. నీకు చెప్పమని పెద్దమ్మని అడిగాను, పోయినేడే. చెప్పానంది. మీ అమ్మ చాలా సంతోషపడిందంది." పిల్ల రిబ్బను మడత సరిచేసింది. "నువ్వు జామ్ రాస్తుంటే మర్చిపోయావనుకున్నాను."

ఇప్పుడు నిజం చెప్పాలి. మర్చిపోలేదు బంగారూ, నాకెవరూ చెప్పనేలేదు అనాలి. డెల్ఫిన్ నోరు తెరిచింది. ఆ మాట అంటే వర్నా ఏమవుతుంది? నాలుగేళ్ళు ఈ పిల్ల తల దువ్విన చెయ్యి అబద్ధపు చెయ్యి అవుతుంది. డెల్ఫిన్ నోరు మూసుకుంది. మర్చిపోయిన తల్లిగానే ఉండిపోయింది.

"మర్చిపోయానే అని గుర్తు చెయ్యచ్చుగా?"

"నువ్వు పాట పాడుకుంటూ వేపుతున్నావు." పిల్ల గొంతు సన్నబడింది. "చెబితే ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే ఆ తర్వాత వెళ్ళిపోతావు. ఎప్పుడూ అంతేగా?"

డెల్ఫిన్ ఏడవలేదు. ఏడవకూడదని పళ్ళు బిగబట్టింది. కోలుకునే ఇంట్లో తాగుడు మానిన ఆడవాళ్ళ మధ్య కూర్చుని నాలుగేళ్ళపాటు తన గురించి ఎన్నో ఒప్పుకుంది, ఈ ఒక్కటి మాత్రం ఎవరూ ఆమెకు చెప్పలేదు. తన కన్నీళ్ళకి భయపడి ఒక పిల్ల ఏడాది నియమాన్ని నమిలి మింగేసింది.

"ఎలా ఉంది?" అని అడిగింది.

"ఏంటి?"

"జామ్."

వాసేయాకి నవ్వు రాబోయి ఆగిపోయింది. "చాలా బావుంది. అదే అసహ్యంగా ఉంది."

డెల్ఫిన్ లేచింది. "నేను ఆగథా అమ్మమ్మ దగ్గరికి పోయి చెప్పేస్తున్నాను."

"వద్దమ్మా! సోమవారం సభ ఉంది. నన్ను నీకివ్వరు."

"తెలుసు."

"తెలిసీ పోతావా?"

దానికి జవాబు చెప్పడానికి కూర్చుంటే మళ్ళీ లేవలేనని ఆమెకు తెలుసు. ఒడ్డు మీది గులకరాళ్ళ మీద చకచకా నడిచింది.

*

హాల్లో అడుగు పెట్టగానే కొరిన్ చూసింది. కొరిన్ నోట్లో మాట ఆగదు. చేప పొట్ట చీలుస్తూనే కేకేసింది.

"రావమ్మా రా, పెళ్ళికూతురా! నీకోసం ఈ హడావుడంతా ఎందుకని మా మీద కోప్పడ్డావటగా?"

ఆడవాళ్ళు గొల్లుమన్నారు. వాళ్ళ నవ్వులో విషం లేదు, మనవాళ్ళని కాకపోతే ఎవరిని ఏడిపిస్తారు? ఇంకో రోజైతే డెల్ఫిన్ కూడా నాలుగు మాటలు అని నవ్వేదే. ఇవాళ ఆ నవ్వుల మధ్య నుంచి తల వంచుకుని నడిచింది. తొట్టి దగ్గర చేపలు కడుగుతున్న వర్నా చెల్లెలిని చూసి కత్తి కింద పెట్టింది.

ఆగథా అమ్మమ్మ కిటికీ పక్కన పెద్ద గిన్నె ఒళ్ళో పెట్టుకుని, గుండెపళ్ళ తొడిమలు తీస్తోంది. ఎనభై దాటిన మనిషి. పాదిరీల బడిలో తన భాష మాట్లాడినందుకు దెబ్బలు తిని, ముసలితనంలో ఆ భాషనే ఊరి పిల్లలకి ఊరికే నేర్పుతోంది. డెల్ఫిన్‌ని మేం చూసుకుంటామని జైలువాళ్ళకి సభ తరఫున మాటిచ్చింది కూడా ఆమే.

డెల్ఫిన్ పొగాకు సంచి విప్పి, చిటికెడు ఎడమ అరచేతిలో పోసుకుని ముందుకు చాపింది. బరువైన సంగతి చెప్పబోయేవాళ్ళు చేసే పని అది. పుచ్చుకున్నవాళ్ళు చివరిదాకా వినాలి, ఇచ్చినవాళ్ళు కల్లలాడకూడదు. హాల్లో నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

ముసలమ్మ ఎర్రబడ్డ వేళ్ళు ఏప్రానుకి తుడుచుకుని, పొగాకు తీసుకుంది. "చెప్పమ్మా."

"అమ్మమ్మా, మీరు..."

"నేనే తిన్నాను!"

అందరూ గుమ్మం వైపు తిరిగారు. వాసేయా రొప్పుతూ నిలబడి ఉంది. సగం కుట్టిన పావడా ఇంకా చేతిలోనే ఉంది, సూది వేలాడుతోంది.

"నేనే తిన్నాను అమ్మమ్మా. నిన్న రాళ్ళగుట్ట మీద. పండిందో లేదో చూద్దామని కోసుకుని తిన్నాను. ఎవరూ పెట్టలేదు."

చెప్పేసి తిన్నగా వర్నా దగ్గరికి పోయి, ఆమె పక్కన ఒదిగి నిలబడింది. అది రోజూ నిలబడే చోటు. వర్నా తడి చెయ్యి దాని వీపు మీదికి తనంత తనే పోయింది.

డెల్ఫిన్ ఈసారి ఆగలేదు. ఊపిరి కూడా తీసుకోలేదు.

"అబద్ధం," అంది. "పిల్ల అబద్ధం చెబుతోంది. ఇవాళ పొద్దున నేను పెట్టాను. రొట్టె మీద జామ్ రాసి, దగ్గర కూర్చుని తినిపించాను. తినేదాకా బతిమాలాను కూడా."

కొరిన్ చేతిలో చేప అలాగే ఉండిపోయింది. ఆగథా ముసలమ్మ గుప్పెట్లో పొగాకు వైపు చూసింది. గిన్నెలో పళ్ళ వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"అయితే రేపు విందు లేదు," అంది చివరికి. "తిండి ఉంటుంది. చేపలు చచ్చాక ఎలాగూ తినాలి. పిల్ల ఏడాది మళ్ళీ మొదలుపెడుతుందో లేదో పిల్లని అడుగుదాం, దాని నోటితో అదే చెప్పాలి. సోమవారం సంగతి సోమవారం."

"అలాగే అమ్మమ్మా."

"కూర్చో, ఇంకా అయిపోలేదు. నాకొకటి అర్థం కావట్లేదు. ఏడాదిపాటు వారం వారం ఫోన్లో మాట్లాడావు కదా. పిల్ల పండు మానిందని నీకెవరూ చెప్పలేదా?"

డెల్ఫిన్ తొట్టి వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడింది. అయినా చూసింది. వర్నా మొహం పాలిపోయింది. మూసిన పెదాల వెనక ఆమె బతిమాలుతోందని అంత దూరం నుంచీ తెలుస్తోంది.

"నేను అడగలేదమ్మమ్మా," అంది డెల్ఫిన్. అది కల్ల కాదు. "పిల్ల ఎంత ఎదిగిందో నేనే ఎప్పుడూ అడగలేదు."

"నేనడిగింది అది కాదు."

డెల్ఫిన్ నేల చూపులు చూస్తూ నిలబడింది. అప్పుడు వాసేయా తలెత్తి, పక్కనున్న మనిషి మొహంలోకి చూసింది. నెమ్మదిగా, అర్థం చేసుకుంటూ చూసింది.

"చెప్పానన్నావుగా పెద్దమ్మా?" అంది. "మా అమ్మ సంతోషపడిందని కూడా అన్నావుగా?"

వర్నా పెదాలు కదిలాయి. పిల్ల వీపు మీదున్న చెయ్యి తీసుకోలేదు. దాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టు అలాగే ఉంచింది. పిల్లే ఒక అడుగు పక్కకి వేసింది. ఆ చెయ్యి గాల్లో ఉండిపోయింది.

వాసేయా హాలు దాటుకుని వచ్చి, డెల్ఫిన్ పక్కన నిలబడింది. భుజానికి భుజం తగిలింది. నాలుగేళ్ళుగా రాత్రీ పగలూ డెల్ఫిన్ కోరుకున్నది అదే.

డెల్ఫిన్‌కి సంతోషం వేసింది. అవతల తొట్టి దగ్గర అక్క ఒంటరిగా నిలబడి ఉండగా, అందరూ ఆమెనే చూస్తుండగా, డెల్ఫిన్ గుండెల్లో సంతోషం కలిగింది. పోలీసుల ముందు కూడా, జడ్జి ముందు కూడా, ఆమె తన గురించి అంత సిగ్గుపడలేదు.